బుల్లి వీధిలో ప్రతి మరకకూ ఒక కారణం

సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్లుగా పనిచేసేవాళ్లు, ఆర్కిటెక్టుల దగ్గర మోడల్స్ కట్టేవాళ్లు, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు మినియేచర్ ఆర్డర్లు తీసుకునేవాళ్లు. ఈ ముగ్గురికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటే. గోడలు నిటారుగా నిలబడతాయి, కొలతలు సరిపోతాయి, రంగులు కుదురుతాయి. అయినా చూసినవాళ్లు "బొమ్మ బాగుంది" అంటారే తప్ప "అరే, ఇది మా వీధే" అనరు. అప్పుడు చాలామంది ఇంకొన్ని వస్తువులు చేర్చడం మొదలుపెడతారు. మరో సైకిలు, మరో కుక్క, మరో నాలుగు పోస్టర్లు. వీధి నిండుతుంది గానీ నిజం కాదు.

అసలు వీధిలో ఏదీ ఊరికే ఉండదు. ఎవరో తమ పనికోసం తెచ్చిపెట్టిందే ప్రతి వస్తువూ. ఆ తర్వాత ఎండా వానా దాని మీద తమ పని చేశాయి. కాబట్టి ఒక వివరం చేర్చబోయే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఇక్కడికి ఎవరి పనివల్ల వచ్చింది? ఎండ, నీళ్లు, చెయ్యి, కాలు, చక్రం, వీటిలో ఏది దీన్ని ఇలా మార్చింది? జవాబు దొరికితే పెట్టండి. దొరక్కపోతే అది ఎంత ముద్దుగా ఉన్నా పక్కన పెట్టేయండి. మిగిలిన మెళకువలన్నీ ఈ రెండు ప్రశ్నల నుంచి పుట్టేవే.

ముందు కొలత

ఉదాహరణకి కోస్తాలో ఒక చిన్న పట్నం బజారు వీధిని తీసుకుందాం. స్కేలు 1:24. మన మేస్త్రీలు, వడ్రంగులు ఇప్పటికీ అడుగులు, అంగుళాల్లోనే మాట్లాడతారు. ఈ స్కేలులో నిజం అడుగు మనకు అర అంగుళం అవుతుంది కాబట్టి లెక్క నోటితోనే తేలిపోతుంది. అయిదున్నర అడుగుల మనిషి రెండుముప్పావు అంగుళాలు. ఏడడుగుల తలుపు మూడున్నర అంగుళాలు. పదడుగుల కొట్టు అయిదంగుళాలు. 90 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పలక మీద ఆరేడు కొట్లు, వాటి ముందు అరుగు, సైడు కాలువ, ఇరవై అడుగుల రోడ్డు హాయిగా పడతాయి. ఇంతకంటే పెద్ద పలక పెడితే గుమ్మంలోంచి బయటికి రాదు, కారు డిక్కీలో పట్టదు. ఆ కొలత కూడా ముందే చూసుకోండి.

కంటికి తెలియకుండానే కొలత తప్పిందని చెప్పేవి చిన్న వస్తువులే. తొమ్మిదంగుళాల ఇటుక ఇక్కడ తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, దాని మందం మూడు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. ఇడ్లీ మూడు మిల్లీమీటర్లు. సిమెంటు రేకులో ఒక అల నుంచి ఇంకో అలకు నిజంగా 146 మిల్లీమీటర్లు, మన లెక్కలో ఆరు. ఇనప రేకులో ఆ దూరం దాదాపు 75, అంటే మనకు మూడు. ఈ రెండు రేకుల్నీ ఒకే అల దూరంతో చేస్తే, ఎందుకో చెప్పలేకపోయినా చూసేవాడికి ఏదో తేడాగా అనిపిస్తుంది. రేకులకు మందుబిళ్లల స్ట్రిప్పు వెనక ఉండే పల్చటి అల్యూమినియం గాని, చాక్లెట్ ఫాయిల్ గాని చాలు. మెత్తటి రబ్బరు షీటు మీద పరిచి, స్కేలు ఆన్చి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీతలు నొక్కండి.

నిజం వీధికి వెళ్లినప్పుడు టేపు తీసి ప్రతిదీ కొలవనక్కర్లేదు. గోడ పక్కన ఒక అడుగు స్కేలు నిలబెట్టి ఫొటో తీస్తే మిగతా ఎత్తులన్నీ దాన్నిబట్టి వస్తాయి. ఇటుక వరసలు లెక్కపెట్టినా ఎత్తు తెలుస్తుంది. కొట్టు ముందు ఫొటో తీసేటప్పుడు "బాబాయ్, మీ బండి ఫొటో తీసుకోవచ్చా? చిన్న బొమ్మ చేస్తున్నాను" అని అడగండి. అది మర్యాద. పైగా ఆయన మాట కలిపితే, ఫొటోలో కనబడని సంగతులు నాలుగు చెబుతాడు.

ఊరు, ఏడాది తేల్చుకోండి

"ఆంధ్రా వీధి", "తెలంగాణ వీధి" అనే మాటలతో పని మొదలుపెట్టలేం. ఏ ఊరు, ఏ ఏడాది, ఏ నెల, పొద్దున్నా సాయంత్రమా? ఈ నాలుగూ కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

ఊరు తేలితే దుమ్ము రంగు తేలుతుంది. గుంటూరు వైపు నల్లరేగడి, గోదావరి పక్కన బూడిదరంగు ఒండ్రు, తెలంగాణలో చాలాచోట్ల ఎర్రటి చెలక నేల. గోడ అడుగున పడే మట్టి చిందులకు, బండి చక్రాలకు, రోడ్డు అంచున పేరుకునే దుమ్ముకు అన్నిటికీ ఆ ఒక్క రంగే ఉండాలి. కప్పులూ, నేల బండలూ అంతే. కోస్తాలో పెంకుటిళ్లు, రాయలసీమలో మట్టి మిద్దెలు, అరుగులకు కడప బండలు, హైదరాబాద్ పాత ఇళ్లలో షాబాద్ బండలు. ఊరు మార్చకుండా ఇంటిని మార్చలేం.

ఏడాది తేలితే ఏం ఉండకూడదో తెలుస్తుంది. పసుపు రంగు ఎస్‌టీడీ బూత్ 1990ల వీధికి ప్రాణం, నేటి వీధికి అబద్ధం. క్యూఆర్ కాగితం అంటించిన టిఫిన్ బండి 2016లో యూపీఐ వచ్చిన తర్వాతి వీధికే సరిపోతుంది. ఫ్లెక్సీ బోర్డు 1985 నాటి వీధిలో కనబడితే మొత్తం పనిమీద నమ్మకం పోతుంది. అప్పుడు ఉన్నవి పెయింటరు చేత్తో రాసిన రేకు బోర్డులు. వాహనాల నంబరు ప్లేట్లు ఇంకా కచ్చితమైన సాక్షులు. హైదరాబాద్ బండ్ల మీద 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడేవరకు ఏపీ, ఆ తర్వాత టీఎస్, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. పాత బండ్లు పాత ప్లేట్లతోనే తిరుగుతాయి కాబట్టి నేటి హైదరాబాద్ వీధిలో మూడూ కలిసి కనబడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరస వచ్చింది, అంతకుముందు జిల్లాకో అంకె. ఆటోకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, సొంత బండికి తెల్ల ప్లేటు, ఎలక్ట్రిక్ బండికి ఆకుపచ్చ. మోటారుసైకిలు వెనక ప్లేటు ఈ స్కేలులో ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే. అయినా అది పట్టిచూసే జనం ఉన్నారు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు తాము పెరిగిన వీధిని చేసిమ్మని అడగడం ఈ పనిలో తరచూ వచ్చే ఆర్డరు. వాళ్ల దగ్గర ఇంటి ఫొటోలు ఉంటాయి గానీ వీధి ఫొటోలు ఉండవు. పెళ్లి ఆల్బములు అడగండి. ఊరేగింపు ఫొటోల్లో మనుషుల వెనక వీధంతా దొరుకుతుంది. ఇంట్లో పెద్దవాళ్లతో ఫోన్లో మాట్లాడేటప్పుడు "మీ వీధి ఎలా ఉండేది?" అని అడిగితే "బాగుండేది" అంటారు. "పొద్దున్నే ముందు ఎవరు కొట్టు తీసేవారండీ? నీళ్లు ఎక్కడ పట్టుకునేవారు? వాన పడితే ఎక్కడ నిలబడేవారు?" అని అడగండి. మీకు కావలసిన వివరాలన్నీ ఆ జవాబుల్లో వస్తాయి.

కొట్టు కొట్టుకూ పని గుర్తులు

ఒక్కో కొట్టును ఒక్కో వృత్తిగా చూడండి. ఆ వృత్తి చేసే మనిషి తెల్లారి నుంచి రాత్రివరకు ఎక్కడ నిలబడతాడు, చెయ్యి ఎక్కడికి వెళ్తుంది, చెత్త ఎటు పారేస్తాడు అని ఆలోచిస్తే వస్తువులు వాటంతటవే తమ చోట్లలో కూర్చుంటాయి.

టిఫిన్ బండి సాధారణంగా చెట్టు నీడ, జనం రాకపోకలు, నీళ్లు వదలడానికి కాలువ, ఈ మూడూ ఉన్నచోట ఆగుతుంది. పొయ్యి ఒక చివర, ప్లేట్లు ఇంకో చివర. పెనం వెనక రేకు మసిబారి ఉంటుంది, మిగతా రేకు తళతళలాడుతుంది. చట్నీ పాత్రల చుట్టూ మరకలు. చేతులు కడిగే బకెట్టు దగ్గర నేల ఎప్పుడూ తడి. ప్లేటు మీద పరిచే పల్చటి కవరు, వాడేసిన కవర్లతో నిండిన డబ్బా. సిలిండరు ఏ రంగో కూడా చూడండి. ఇంటి సిలిండరు ఎరుపు, వ్యాపారానికిచ్చే 19 కిలోలది నీలం.

కిరాణా కొట్టు ముందు షాంపూ, పొడుల ప్యాకెట్లు తోరణాల్లా వేలాడతాయి. రంగు ప్రింటు తీసిన కాగితాన్ని రెండు మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, మధ్యమధ్య గోటితో నొక్కితే ఆ వరసలు వస్తాయి. మూతి మడిచిన గోనెసంచులు అరుగు మీద ఉంటాయి. వాటికి పాత కాటన్ బ్యాండేజి గుడ్డను టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి వాడండి. సంచుల్లోకి ఏం పొయ్యాలో వంటింట్లోనే దొరుకుతుంది. ఆవగింజ ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లుంటుంది. ఈ స్కేలులో అది నిమ్మకాయ, చిన్న ఉల్లిపాయ, టమాటా అవుతుంది. రంగు వేయడమే తరువాయి. గసగసాలు ఉసిరికాయలంత కనబడతాయి. గింజలు పురుగు పట్టకుండా వార్నిష్ పూత తప్పనిసరి. గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కట్టండి. ఆకుపచ్చ రంగు వేసిన చీపురుపుల్ల ముక్కలే మిరపకాయలు.

సైకిల్ షాపు గుర్తు సైకిలు కాదు, పంక్చరు చూసే నీళ్ల తొట్టి. దాని చుట్టూ ఆరని తడి, మేకుకు వేలాడే పాత ట్యూబులు, గోడ మీద నడుము ఎత్తున నల్లటి చేతిముద్రలు. ట్యూబులకు కరెంటు వైరు పైతొడుగు సన్నగా చీలిస్తే సరిపోతుంది. మోటారుసైకిల్ మెకానిక్ ముందు నేల మీద నూనె మరకలు ఒకదాని మీద ఒకటి పడి ఉండాలి. పాతవి మాసిపోయి, కొత్తది ఒక్కటే మెరుస్తూ. ఇస్త్రీ బండి దగ్గర మూటలు, బొగ్గుల సంచి, బూడిద కుప్ప. టైలరు మిషను కొట్టు లోపల కాక వెలుతురు కోసం గుమ్మం దగ్గరకు జరిగి ఉంటుంది, దాని కింద రంగురంగుల గుడ్డపీలికలు.

మూసి ఉన్న కొట్టు కూడా కథ చెబుతుంది. షట్టరు కిందిభాగం దుమ్ముకొట్టుకుని, కాలితో తన్నినచోట్ల లోపలికి నొక్కుకుని ఉంటుంది. తాళాలు నేలకు దగ్గరగా రెండు వైపులా. గ్రీజు చారలు పక్క గాడుల వెంట కిందికి జారతాయి. సన్‌షేడు కింద ఉన్న పైభాగం మాత్రం వాన తగలక రంగు నిలుపుకుంటుంది. ఈ మూడు భాగాల తేడా చూపిస్తే షట్టరు మీద ఇంకేమీ చెయ్యనక్కర్లేదు.

నేల, గోడ, నీళ్లు

కొత్తగా చేరినవాళ్లు గోడంతా ఒకేలా మురికి పూస్తారు. మురికి అలా పట్టదు. నీళ్లు కారిన దారినే పడుతుంది. పిట్టగోడ తూము కింద నల్లటి చార, సన్‌షేడు రెండు మూలల నుంచి రెండు చారలు, కిటికీ చువ్వల కింద తుప్పు జాడ. గోడ అడుగున అడుగు, అడుగున్నర ఎత్తు వరకు, అంటే మన నమూనాలో అర నుంచి ముప్పావు అంగుళం వరకు, వానకు చిందిన మట్టి. వర్షాకాలం దాటిన వీధి అయితే పిట్టగోడ పైభాగం, నీళ్ల ట్యాంకు కింది గోడ నాచుపట్టి నల్లబడతాయి. పలక మీద ఉత్తరం ఎటో గుర్తు పెట్టుకోండి. దక్షిణం, పడమర చూసే గోడల రంగు ముందు వెలిసిపోతుంది.

దీనికి నాలుగు దశలు. మొదట అసలు రంగు వేసి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత నలుపు, గోధుమ కలిపిన ఆక్రిలిక్ రంగుకు ఎనిమిది పదింతలు నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి పలచగా పూస్తే పగుళ్లలోకి, మూలల్లోకి దిగుతుంది. మూడో దశలో బ్రష్షుకున్న రంగును కాగితం మీద దాదాపు పూర్తిగా తుడిచేసి, అంచుల మీద తేలిగ్గా రాయండి. చెయ్యి తగిలి అరిగిన అంచులు తెల్లగా తేలతాయి. చివర పొడి దుమ్ము. రంగు సుద్దముక్కల్ని గరుకు కాగితం మీద అరగదీసిన పొడి మెత్తటి బ్రష్షుతో అద్దండి. ప్రతి దశకూ ముందు ఒక చెక్కముక్క మీద చూసుకోండి. మురికి ఎప్పుడూ తక్కువతో మొదలుపెట్టాలి. చేర్చడం సులువు, తీయడం కష్టం.

రోడ్డు అంతా ఒకే నలుపు కాదు. చక్రాలు నడిచేచోట నునుపుగా, లేతగా ఉంటుంది. అంచుల్లో దుమ్ము, ఇసుక పేరుకుంటాయి. పైపు వేయడానికి తవ్వి పూడ్చినచోట అడ్డంగా సిమెంటు అతుకు. సిమెంటు రోడ్డయితే నాలుగైదు మీటర్లకొక అడ్డగీత కనబడాలి. నిజం మట్టి వాడదలిస్తే పెనం మీద వేయించి, పల్చటి గుడ్డలో జల్లించి వాడండి. వేయించకపోతే పురుగు, బూజు వస్తాయి. సైడు కాలువలో నీళ్లకు ఎపాక్సీ రెజిన్ పల్చటి పొరలుగా పొయ్యండి, లేదా మెరిసే వార్నిష్ పూతలు ఒకదానిమీద ఒకటి వెయ్యండి. అడుగు రంగు నలుపు, ఆకుపచ్చ, బూడిద కలిసినట్టుండాలి. కల్వర్టు నోటి దగ్గర చెత్త అడ్డుపడుతుంది, దాని వెనక నీళ్లు కాస్త ఎత్తుగా నిలుస్తాయి. ఆ ఒక్క తేడాతో నీళ్లు ఎటు పారుతున్నాయో చూసేవాడికి తెలుస్తుంది.

ఇంటి ముందు ముగ్గు వేయాలనుకుంటే, ముందు ఆ మేర నేలను మిగతా వీధికంటే ముదురుగా, ఊడ్చి నీళ్లు చల్లినట్టు చెయ్యండి. నీళ్లు చల్లని దుమ్ము మీద ముగ్గు వెయ్యరు. పొద్దున్నపు వీధిలో ముగ్గు చెక్కుచెదరకుండా ఉంటుంది. సాయంత్రమైతే నడిచినదారిలో చెరిగిపోవాలి.

బోర్డులు, కాగితాలు

అక్షరం చదవగలిగితే మనిషి దగ్గరకు వచ్చి చూస్తాడు. అందుకే బోర్డుల మీద ఎక్కువ శ్రమ పెట్టండి. చేత్తో రాసిన బోర్డులో అక్షరాలకు నీడ గీత, రెండు రంగుల కలయిక, స్థలం చాలక చివర్లో ఇరుక్కున్న అక్షరం ఉంటాయి. అవి కంప్యూటరు ఫాంటుతో రావు. తెల్లకాగితం మీద నాలుగింతలు పెద్దగా మీరే బ్రష్షుతో రాసి, ఫొటో తీసి, తగ్గించి ప్రింటు తీయండి. సినిమా పోస్టరు సైజుల్లో ఎక్కువగా కనబడేది 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల ఎత్తు. మన నమూనాలో అది మూడు సెంటీమీటర్ల పైన వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల పైన ఎత్తు. మామూలు ప్రింటు కాగితం ఈ స్కేలులో అట్టంత మందంగా కనిపిస్తుంది కాబట్టి వెనకవైపు గరుకు కాగితంతో పలచబడేదాకా రుద్దండి. పోస్టరు మీద పోస్టరు అంటించి, పైది సగం చించండి. "ఇచ్చట పోస్టర్లు అంటించరాదు" అని రాసి ఉన్న గోడ మీదే పోస్టర్లు ఉండడం మన వీధుల్లో అందరూ చూసే దృశ్యం.

ఒక జాగ్రత్త. బోర్డు మీద పూర్తి ఫోన్ నంబరు రాయకండి. మీరు ఊహించి రాసిన పది అంకెలు నిజంగా ఎవరిదో అయ్యుండవచ్చు. చివరి అంకెలు రంగు ఊడిపోయినట్టు చూపండి. సినిమాకో ప్రకటనకో చేస్తుంటే నిజమైన కంపెనీల పేర్లు, గుర్తులు వాడవచ్చో లేదో ప్రొడక్షన్ వాళ్లను రాతపూర్వకంగా అడగండి.

తీగలు, దీపాలు

మన వీధిని మన వీధిగా నిలబెట్టేది ఆకాశంలోని తీగలు. ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభంలో దాదాపు ఆరోవంతు భూమిలో ఉంటుంది. పైకి కనబడేది మనకు పదకొండు అంగుళాలు. స్తంభాల మధ్య నాలుగైదు తీగలు, అక్కడినుంచి ఇంటింటికీ సర్వీసు వైర్లు, మధ్యలో చుట్టలుగా వేలాడే కేబుల్ వైర్లు. తీగ బిగుతుగా ఉంటే బొమ్మలాగే ఉంటుంది. దారానికి పల్చటి ఫెవికాల్ నీళ్లు పట్టించి, మధ్యలో చిన్న బరువు వేలాడదీసి ఆరనిస్తే వేలాడే వంపు నిలిచిపోతుంది. చేతులు తగిలే ముందువరసలో మాత్రం సాగే లైక్రా దారం వాడండి, తగిలినా తెగదు.

దీపాలు వేసే పనిలో మనకొక పెద్ద పాఠం 1957 నాటి 'మాయాబజార్'లో ఉంది. కళాదర్శకులు గోఖలే, కళాధర్ ద్వారకను వందల బుల్లి ఇళ్లతో కట్టించి, ఇంటింటికీ విడిగా దీపం పెట్టించారు. ఒకేచోట నుంచి వెలుగు కొట్టి ఉంటే పని తేలికయ్యేది. ఇల్లిల్లూ వెలిగితేనే అది జనం కాపురమున్న ఊరవుతుంది. బుల్లి వీధిలోనూ అంతే. కొట్టుకో దీపం, ఒక్కోదానికి ఒక్కో రంగు ఉండాలి. మెడికల్ షాపులో చల్లని తెలుపు, పాత హోటల్లో పసుపు బల్బు. వీధి దీపం సోడియం నారింజ రంగా, ఎల్‌ఈడీ తెలుపా అన్నది ఏడాదిని బట్టి తేల్చండి. విశాఖలో 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపాను తర్వాత వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. అంతకుముందు నాటి విశాఖ రాత్రికి నారింజ రంగే సరైనది.

లెక్క ఇలా. 12 వోల్టుల అడాప్టరు మీద ఒక తెల్ల ఎల్‌ఈడీ వేస్తే 470 ఓమ్‌ల రెసిస్టరు, మూడు ఎల్‌ఈడీలు వరసగా కలిపితే 220 ఓమ్‌లు. కానీ ఆ వెలుగు బుల్లి కొట్టుకు మరీ ఎక్కువ. ఒక్క ఎల్‌ఈడీకి వెయ్యి ఓమ్‌లో, రెండు వేల పైనో వేసి తగ్గించండి. కొట్టు లోపలిగోడకు వెనకవైపు నల్లరంగు పూయండి, లేకపోతే వెలుగు ఫోమ్‌బోర్డు గోడలోంచి బయటికి కనబడుతుంది. వైర్లన్నీ పలక కిందికి దింపి, ఏ వైరు ఏ కొట్టుదో చీటీ అంటించండి. ఏడాది తర్వాత రిపేరుకు వచ్చేది మీ దగ్గరికే.

మనుషులు

కొండపల్లి బొమ్మల్ని గమనించండి. తెల్లపొణికి చెక్కను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలు అతికి చేసే ఆ బొమ్మల్లో చాలావరకు మనుషులు పనిలో ఉంటారు. తాడి ఎక్కుతూ, కుండ చేస్తూ, బండి తోలుతూ. ముఖంలో గీతలు కొన్నే. ఒంటి వాటం చూస్తేనే ఎవరో తెలిసిపోతుంది. 1:24లో ముఖం ఒక సెంటీమీటరు కూడా ఉండదు, కాబట్టి మీరూ వాటం మీదే శ్రద్ధ పెట్టండి. బరువు మోసేవాడి నడుము ఒరగాలి, బేరమాడే ఆవిడ సంచి ఏ చేతిలో ఉందో తెలియాలి. అందరూ రోడ్డు వైపు చూస్తూ నిలబడితే గ్రూపు ఫొటో అవుతుంది. వాటం కుదరకపోతే మనుషుల్ని పెట్టకుండా వాళ్ల జాడలే వదలండి. గుమ్మం ముందు విప్పిన చెప్పులు, అరుగు మీద సగం తాగిన టీ గ్లాసు, స్టాండు వేసిన సైకిలు. మనిషి ఇప్పుడే లోపలికి వెళ్లాడని అర్థమవుతుంది.

సమయం, డబ్బు, డెలివరీ

వివరాలకు అంతు ఉండదు, డెడ్‌లైనుకు ఉంటుంది. వీధిని మూడు భాగాలు చెయ్యండి. కంటికి దగ్గరగా ఉండే ముందువరసలో రెండు కొట్లు ఎంచుకుని సగం సమయం వాటికే ఇవ్వండి. మధ్య వరసకు రంగు, మరకలు, బోర్డులు చాలు. వెనక మేడలకు ఆకారం, నీళ్ల ట్యాంకు, ఆరేసిన బట్టలు చాలు. సినిమా పనైతే కెమెరా ఎక్కడ ఉంటుందో ముందు అడగండి. లెన్సు చూడని గోడకు రంగు కూడా అక్కర్లేదు. గోనెసంచులు, క్రేట్లు, ఇటుకల్లాంటివి ఒకే రోజు పెద్దమొత్తంలో చేసి డబ్బాల్లో దాచుకుంటే తర్వాతి ఆర్డర్లకూ పనికొస్తాయి.

ఎంత మురికి కావాలో కూడా కస్టమర్‌నే అడగాలి. అపార్టుమెంట్ల మోడల్ చేయించుకునే బిల్డరుకు మురుగు కాలువ వద్దు. అదే వీధి సినిమావాళ్లకు కాలువ లేకుండా పనికిరాదు. అరచేతి వెడల్పు గోడను మూడు స్థాయుల్లో మాసినట్టు చేసి ఉంచుకుని చూపిస్తే మాటల్లో తేలనిది నిమిషంలో తేలుతుంది.

కొటేషన్‌లో కట్టడం, వివరాలు, లైటింగ్, ప్యాకింగ్ రవాణా విడివిడిగా రాయండి. అన్నీ కలిపి ఒక అంకె చెబితే, బేరంలో ముందు కోతపడేది వివరాలకే. మీ గంటలు ఎక్కువ పట్టేదీ వాటికే. సగం అడ్వాన్సు తీసుకోండి. కట్టడం లేచాక, రంగు పడ్డాక, పూర్తయ్యాక మూడుసార్లు ఫొటోలు పంపి ఒప్పుకోలు తీసుకోండి. రంగు పడ్డాక గోడ జరపమంటే అదనపు ఖర్చని ముందే రాసుకోండి. పని మొదలైన రోజు నుంచి ఏ వివరానికి ఎన్ని గంటలు పట్టిందో నోటుపుస్తకంలో రాసుకోండి. తర్వాతి ధర ఊహమీద కాక ఆ పుస్తకం చూసి చెప్పగలుగుతారు.

స్తంభాలు, చెట్లు ఊడదీసేలా పెట్టి విడిగా ప్యాక్ చెయ్యండి. విదేశాలకు వెళ్లే నమూనాలో నిజం మట్టి, గింజలు, ఎండుటాకులు వాడకండి. చాలా దేశాలు వాటిని లోపలికి రానివ్వవు. సుద్దపొడి, క్లే, రంగువేసిన కాగితంతోనే పని నడపండి. స్ప్రే రంగు, రెజిన్, సూపర్ గ్లూ వాడేటప్పుడు కిటికీలు తెరిచి, సరైన మాస్కు పెట్టుకోండి. మిగిలిన ప్లాస్టర్ నీళ్లు సింకులో పొయ్యకండి, పైపులో గడ్డకడుతుంది.

పని చూపించి పని తెచ్చుకోవాలంటే ఫొటో ముఖ్యం. రోడ్డు మీద నిలబడ్డ మనిషి కన్ను మన స్కేలులో రెండున్నర అంగుళాల ఎత్తున ఉంటుంది. ఫోనును తలకిందులు చేసి లెన్సును ఆ ఎత్తుకు దించండి. అమెరికాలో మైకేల్ పాల్ స్మిత్ అనే కళాకారుడు 1:24 వాహనాలు, ఇళ్లతో ఎల్గిన్ పార్క్ అనే ఊహాపట్నాన్ని సృష్టించి, నమూనాల్ని ఆరుబయట బల్లమీద పెట్టి, వెనక నిజం చెట్లు, నిజం ఆకాశం కనబడేలా ఫొటోలు తీశారు. మామూలు కెమెరాతోనే లోకం నమ్మేలా చేశారు. మీ మేడ మీద పొద్దుటి ఎండలో, వెనక నిజం వేపచెట్టు వచ్చేలా పలకను తిప్పి చూడండి.

అప్పగించే ముందు

పూర్తయిందనుకున్నాక తోటి కళాకారుల మెచ్చుకోలుతో ఆగకండి. ఫొటోలు తీసుకుని ఆ పనులు చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి. టిఫిన్ బండిని టిఫిన్ బండి బాబాయికి, స్తంభాన్ని లైన్‌మన్ అన్నకి, మిషను పెట్టిన కొట్టును టైలరు అక్కకి చూపించండి. "పొయ్యి ఇటు పెడితే గాలికి మంట నిలవదు బాబూ" అని ఆయన అంటే పొయ్యి జరపండి. "సర్వీసు వైరు అక్కడినుంచి తియ్యరు" అంటే వైరు మార్చండి. ఆ దిద్దుబాట్లు ఒక పూటలో అయిపోతాయి. వాళ్లు తప్పు పట్టడం ఆపి తమ కొట్టు సంగతులు, తమ బేరాలు చెప్పడం మొదలుపెట్టారంటే వీధి పూర్తయినట్టే. అప్పుడు ధైర్యంగా అప్పగించండి, అడగాల్సిన ధర గట్టిగా అడగండి.